రెండు లిపుల బోర్డు: పర్లాకిమిడి, బరంపురం బజార్లలో దుకాణం పేరు రాసే పద్ధతి

మాట్లాడే భాష, చదివే లిపి ఒకటే అనుకుంటే ఆంధ్ర, ఒడిశా సరిహద్దు ఊళ్లో బోర్డు మొదట్లోనే తప్పుతుంది. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, బరంపురం ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్నవాళ్లు చాలామంది. కొట్లోకి వచ్చి తెలుగులో సరుకు అడిగే మనిషికి తెలుగు అక్షరం రాకపోవచ్చు. ఆంధ్రవైపు పాతపట్నం నుంచో మెళియాపుట్టి నుంచో వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఒడియా అక్షరం రాదు. కొండల మీంచి సంతకు దిగే సవర గిరిజనుల్లో పెద్దవాళ్లకు రెండూ రాకపోవచ్చు. బోర్డు ఈ ముగ్గురికీ పనికిరావాలి. అలా పనికొచ్చే బోర్డు ఎలా కొలవాలి, ఎలా రాయాలి, ఎక్కడ చెడుతుంది అన్నదే ఇక్కడ చెబుతున్నాం.

రంగుడబ్బా తెరవకముందు

దుకాణదారుతో కూర్చుని అడగండి: "బాబూ, సంతరోజున మీ దగ్గరకు ఏ ఊళ్లవాళ్లు వస్తారు? మామూలు రోజుల్లో ఎవరొస్తారు? పేరు చదివి వస్తారా, సరుకు చూసి వస్తారా? లైసెన్సు మీద పేరు ఒడియాలో ఎలా ఉంది?" జవాబులు కాగితం మీద రాసుకోండి. ఆఖరి ప్రశ్న మరీ ముఖ్యం. లైసెన్సు మీద ఒకలా, బోర్డు మీద ఇంకోలా ఉంటే బ్యాంకు లోను దగ్గర, జీఎస్టీ తనిఖీ దగ్గర ఆ మనిషికి తలనొప్పి.

ఒడిశాలో దుకాణం బోర్డు మీద ఒడియా ఉండి తీరాలన్నది నిబంధన. దాని పక్కన తెలుగు, ఇంగ్లీషు పెట్టుకోవచ్చు. సైజు, స్థలం, పన్ను సంగతులు మీ మున్సిపాలిటీలోనో ఎన్ఏసీ (నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్) ఆఫీసులోనో ముందే కనుక్కోండి. రాసేశాక చెరపడం రాయడం కంటే ఖరీదు.

తర్వాతది, ఏ లిపి పైన అన్న ప్రశ్న. ఒడియా పైన, తెలుగు కింద, రెండూ చూపుకు సమానమైన సైజులో, ఒకే రంగులో. మా సలహా ఇదే, ఇందులో బేరం లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడేదాకా బరంపురం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. సరిహద్దు గీత గీశాక కూడా రెండువైపులా రెండు భాషలవాళ్లూ ఉన్నారు. ఇలాంటి చోట అక్షరం ఎంత పెద్దదో చూసి జనం తమకిచ్చిన మర్యాద ఎంతో లెక్కగడతారు. ఒడియాను పైన రెండంగుళాల పట్టీలో ఇరికించి తెలుగును బోర్డంతా పరిచినా, తెలుగును ఫోన్ నంబరు పక్కన మూలకు నెట్టినా, ఆ పనికి కారణం చోటు చాలకపోవడమే అని ఎవరూ అనుకోరు. చోటు చాలకపోతే పేరు పొట్టిది చేయండి, లేదా బోర్డు పెద్దది చేయండి. ఒక లిపిని మాత్రం నొక్కకండి.

రంగుతో లిపులను విడదీయడం కూడా వద్దు. ఒడియా ఒక రంగు, తెలుగు ఇంకో రంగు పెడితే అందంగా ఉంటుందని కొందరు అడుగుతారు. దూరం నుంచి అది రెండు దుకాణాల బోర్డులా కనిపిస్తుంది. పైగా ఎన్నికల రోజుల్లో ప్రతి రంగుకీ ఒక పార్టీ అంటగడతారు.

కొలతలు

ఎనిమిది అడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు బోర్డును లెక్కగా తీసుకుందాం. అంగుళాల్లో 96, 36. చుట్టూ మూడేసి అంగుళాలు వదిలితే మిగిలేది 90, 30. ఆ 30 అంగుళాల ఎత్తును ఇలా పంచండి: ఒడియా వరుసకు 11, సందు ఒకటిన్నర, తెలుగు వరుసకు 11, సందు ఒకటిన్నర, ఇంగ్లీషుకూ ఫోన్ నంబరుకూ కలిపి 5.

ఇంగ్లీషు అక్షరాలకు పై గీత, కింద గీత కొట్టుకుంటే చాలు. మన లిపులకు ఆ పద్ధతి పనికిరాదు, వరుసలో మూడు అరలు కావాలి. తెలుగుకు పై అర రెండుముప్పావు అంగుళాలు: తలకట్టు, గుడి, ఏత్వం అక్కడ. మధ్య అర అయిదు: అక్షరం ఒళ్లు అక్కడ. కింది అర మూడుంపావు: వత్తులు అక్కడ. ఒడియాకు పై అర రెండుముప్పావు, మధ్య అర అయిదున్నర, కింది అర రెండుముప్పావు. ఒడియా ఒంటికి అర అంగుళం ఎందుకు ఎక్కువిచ్చామంటే, ఒడియా అక్షరాల్లో పై సగంలో ఉండే గొడుగులాంటి వంపు దాదాపు అన్నిటికీ ఒకటే. ఏ అక్షరమో తేల్చేది కింది సగంలో, గొడుగు లోపల ఉన్న చిన్న మెలికలే. తెలుగు అక్షరం అడ్డంగా విప్పారి ఉంటుంది కాబట్టి అదే ఎత్తులో పెద్దదిగా కనిపిస్తుంది. టేపుతో సమానంగా కొలిచి రాస్తే కంటికి ఒడియా చిన్నదవుతుంది. కంటికి సమానం కావాలంటే టేపు మీద ఈ తేడా ఉండాలి.

ఎంత దూరం నుంచి చదవగలరు? పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అన్నది బోర్డులు రాసేవాళ్ల మామూలు లెక్క. మన లిపులకు ఆ అంగుళం అక్షరం ఒంటికే కొలవాలి, గుడినీ వత్తునూ కలపకూడదు. అయిదంగుళాల ఒళ్లు యాభై అడుగుల దూరానికి సరిపోతుంది. బజారు వీధికి అది చాలు. హైవే మీద టైర్ల కొట్టుకు చాలదు.

ఇప్పుడు పొడవు. అక్షరాలు లెక్కపెట్టి ఒక్కోదానికి ఎన్ని అంగుళాలో రాసుకోండి. 'శ్రీ వెంకటేశ్వర కిరాణా' అన్న పేరును తెలుగులో చూద్దాం: శ్రీ 6, ఖాళీ 3, వె 6, సున్న 5, క 6, టే 6, శ్వ 7, ర 5, ఖాళీ 3, కి 6, రా 7, ణా 8. మొత్తం 68. తొంభైలో ఇది పోగా చెరోవైపు 11 అంగుళాలు మిగులుతాయి. బాగుంది. అదే ఒడియాలో 'శ్రీ వెంకటేశ్వర తేజరాతి దోకాన' అని పెడితే లెక్క 86కు పోతుంది. రెండు చివరలా రెండేసి అంగుళాలే మిగిలి అక్షరాలు అంచును రాసుకుంటూ ఉంటాయి. 'దోకాన' తీసేసి 'తేజరాతి' వరకే ఉంచితే 63. తెలుగు 68, ఒడియా 63. రెండు వరుసలూ ఒకదాని కింద ఒకటి కుదురుగా కూర్చుంటాయి.

ఒడియా కొలిచేటప్పుడు తెలుగు పెయింటర్లు తరచూ మరిచిపోయేదొకటి ఉంది. ఒడియాలో ఏకారం గుర్తు అక్షరానికి ఎడమవైపు, ముందుగా వస్తుంది. ఓకారానికి ఎడమా కుడీ రెండువైపులా గుర్తులుంటాయి. మన ఏత్వం అక్షరం నెత్తినే కూర్చుంటుంది కాబట్టి దానికి వేరే చోటు అడగదు. ఆ అలవాటులో ఒడియా ఏకారానికి చోటు వదలకుండా మొదలుపెట్టి, చివరికి సన్నటి గీతగా ఇరికిస్తారు. 'తే'కు 7, 'దో'కు 9 అని ముందే కొలతలో వేసుకోండి.

రెండు వరుసలూ కాగితం మీద దించాక ఒకసారి సందు చూడండి. ఒడియా కింది అరలోకి దిగే జోడక్షరాలు, తెలుగు పై అరలోకి లేచే గుళ్లు, ఏత్వాలు ఎక్కడైనా ఎదురెదురు పడ్డాయా? పడితే కింది వరుసను మొత్తంగా రెండు మూడు అంగుళాలు పక్కకు జరపండి. ఒక్క అక్షరాన్నే జరిపితే ఖాళీ ఎగుడుదిగుడవుతుంది.

పేరును ఒడియాలోకి దించేటప్పుడు

తెలుగు పేరును అక్షరానికి అక్షరం మార్చేస్తే చదివేవాడి నోట ఇంకో పేరు పలుకుతుంది. ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే.

ఒడియాలో తలకట్టు 'అ' మనకు 'ఒ'కు దగ్గరగా వినిపిస్తుంది. 'కమల' అని రాస్తే 'కొమొలొ' అన్నట్టు చదువుతారు. దేవుళ్ల పేర్లకు, అందరికీ తెలిసిన సంస్కృత పేర్లకు ఇది ఇబ్బంది కాదు, అవి ఒడియావాళ్ల పేర్లు కూడా. ఇంటిపేర్ల దగ్గరే చిక్కు. 'బగ్గు' అన్న ఇంటిపేరును ఉన్నదున్నట్టు దించితే బోర్డు మీద 'బొగ్గు' అవుతుంది. ఇలాంటి చోట కొన్ని కుటుంబాలు దీర్ఘం పెట్టి రాసుకుంటాయి. వాళ్లు ఎలా రాసుకుంటే అలాగే రాయండి.

'వ'కు ఒడియాలో మామూలుగా 'బ' వాడతారు. విజయ, విష్ణు, వస్త్ర లాంటి సంస్కృత మాటలు అక్కడ బిజయ, బిష్ణు, బస్త్ర. వాటిని అలాగే ఉంచాలి, తప్పనుకుని దిద్దకూడదు. కానీ 'వెంకట' లాంటి తెలుగు పేర్లను చాలామంది 'భ'తో మొదలుపెడతారు. 'శ్వ'లోని వకారానికి మళ్లీ వేరే అక్షరం. 'రావు'కు చివర 'ఓ' పెడతారు. 'య'కు ఒడియాలో రెండు అక్షరాలు. ఒకటి 'జ' అని పలుకుతుంది, రెండోది కింద గీతతో 'య' అని పలుకుతుంది. 'యల్లమ్మ'ను మొదటిదానితో రాస్తే 'జల్లమ్మ' అవుతుంది.

సున్న సంగతి: తెలుగులో సున్న అక్షరమంత ఉండి వరుసలోనే నిలుస్తుంది. ఒడియాలో అది చిన్నది. పైగా 'వెంకట' లాంటి చోట్ల సున్న బదులు ఙకారాన్ని కకారంతో కలిపి జోడక్షరంగా రాస్తారు. 'స్టోర్స్' లాంటి ఇంగ్లీషు మాటలకు ఒడియాలో 'స్ట' కాదు, 'ష్ట' జోడక్షరమే వాడుక. పదం చివర పొల్లు ఉంటే పొల్లు గుర్తు మరవకండి, లేకపోతే అక్కడా ఒక 'ఒ' వచ్చి చేరుతుంది. ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా ఒడియా లిపిలో లేవు. దానికోసం కొత్త గుర్తులు కనిపెట్టకండి.

వ్యాపారం పేరును మాత్రం దించకండి, ఆ బజారు మాట పెట్టండి. బట్టల కొట్టుకు 'లుగా దోకాన', మందుల షాపుకు 'ఔషధ దోకాన', కిరాణాకు 'తేజరాతి'. ఫోన్ నంబరు మామూలు అంకెల్లో ఒక్కసారి వేస్తే చాలు.

అంతా అయ్యాక కాగితం నమూనాను ముగ్గురి చేత చదివించండి: తెలుగు రాని ఒడియా మనిషి, ఒడియా రాని తెలుగు మనిషి, ఆరో తరగతి పిల్లో పిల్లాడో. గట్టిగా చదవమనండి. మీరు అందించకండి. ఎక్కడ తడబడితే అక్కడ దిద్దాలి. దుకాణదారు చేత నమూనా మీద సంతకం పెట్టించుకోవడం కూడా మంచిది.

బొమ్మ ఎవరి కోసం

సంత జరిగే వీధుల్లో బొమ్మ తప్పనిసరి. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని దాన్ని తెలుగు లిపిలో రాశారు. 1936లో మంగేయి గొమాంగో సవరకు సొరాంగ్ సొంపెంగ్ అని సొంత లిపి రూపొందించారు. ఒడిశా బడుల్లో చదివిన సవర పిల్లలకు ఒడియా లిపి వచ్చు. అంటే ఒకే భాష మాట్లాడేవాళ్లు మూడు లిపుల మధ్య చీలి ఉన్నారు, ఏదీ రాని పెద్దవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లకు దారి చూపేది నాగలికర్రు, విత్తనాల సంచి, మాత్రల పట్టీ, చీర మడత లాంటి బొమ్మే. అక్షరాలు ఎడమవైపుకు జరిపి, కుడి చివర రెండడుగుల చదరంలో ఒకే ఒక్క వస్తువు వేయండి. నాలుగు వస్తువులు కలిపితే దూరానికి ఒక మచ్చలా కనిపిస్తుంది. ఇలా బొమ్మకు చోటిస్తే అక్షరాలకు 90 బదులు 64 అంగుళాలే మిగులుతాయి. పైన చెప్పిన 68 అంగుళాల పేరు అందులో పట్టదు. 'శ్రీ' తీసేసి రాయమని దుకాణదారును ఒప్పించండి, లేదా పది అడుగుల రేకు తీసుకోండి.

మందుల షాపుకు ఎర్ర క్రాసు వేయమంటారు, వేయకండి. ఆ గుర్తును ఇష్టం వచ్చినట్టు వాడకూడదని 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం చెబుతోంది. ఆకుపచ్చ క్రాసు వేయండి, లేదా మాత్రల పట్టీ బొమ్మ వేయండి.

ఇంకో మాట. సవరల గోడబొమ్మలు ఈమధ్య హోటళ్ల బోర్డుల మీద, బట్టల కొట్ల మీద అలంకారంగా దిగుతున్నాయి. ఇడితాల్ అనే ఆ బొమ్మను దేవతల కోసం, చనిపోయిన పెద్దల కోసం ఇంటి లోపలి గోడ మీద పూజతో వేస్తారు. పుట్టాసింగి వైపు, సెరంగో వైపు ఊళ్లలో అది ఇవాళ్టికీ బతికున్న ఆచారం. చుట్టూ చట్రం గీసి లోపల మనుషులను, జంతువులను వరుసలుగా నింపే ఆ రూపాన్ని టీకొట్టు పైన వేయడం మాకు సరైన పనిగా తోచదు. దుకాణదారు గట్టిగా కోరితే సవర చిత్రకారుణ్ణే పిలిపించి, వేయదగింది ఏదో వాళ్లనే నిర్ణయించమనండి. మామూలుగా పొలం పని, నాట్యం వరుసలు, చెట్లు లాంటివి ఇస్తారు. కూలి మీ అక్షరాల కూలికి తగ్గకుండా ఇవ్వాలి.

రేకు, ప్రైమరు

22 గేజీ జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుప రేకు), వెనక ఒక అంగుళం స్క్వేర్ పైపు చట్రం, మధ్యలో మూడు నిలువులు. కొత్త రేకు తళతళలాడుతుంటే రంగు నేరుగా పట్టదు. పట్టినట్టే ఉండి ఏడాది తిరిగేలోగా పొరలు పొరలుగా లేస్తుంది. రేకు మీది జింకు, ఎనామిల్ రంగులోని నూనెతో కలిసి సబ్బులాంటి పదార్థంగా మారడమే దీనికి కారణం. పైన ఎంత మంచి రంగు వేసినా కింద ఆ జారుడు పొర ఉంటుంది. రెడాక్సైడ్ కొడితే సరిపోతుందనుకుంటారు. అది ఇనుముకు, చట్రం పైపులకు బాగుంటుంది. జీఐ మీద అదీ లేస్తుంది.

చేయాల్సింది ఇది. చాకలిసోడా కలిపిన వేడినీళ్లతో రేకు జిడ్డు కడగండి. 220 నంబరు వాటర్ పేపరుతో మెరుపు పోయేదాకా రుద్దండి. కడిగి ఆరబెట్టి, జీఐకి పనికొచ్చే వాష్ ప్రైమరు ఒక పల్చటి పూత వేయండి. దాని మీద మెటల్ ప్రైమరు ఒక పూత. తర్వాత నేల రంగు ఎనామిల్ రెండు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒక పూర్తి రోజు, వానాకాలంలో రెండు రోజులు. ఎనిమిదికి మూడు బోర్డు అంటే 24 చదరపు అడుగులు. రెండు పూతలకు అర లీటరు ఎనామిల్ చాలు. అక్షరాలకు 200 మిల్లీలీటర్ల డబ్బా ఒకటి చాలినంత.

నేల రంగు లేతది, అక్షరం ముదురుది పెట్టండి: పసుపు మీద నలుపు, తెలుపు మీద ముదురు నీలం. చవక ఎరుపు ఎండకు త్వరగా వెలుస్తుంది. తెల్లనేల మీద ఎర్ర అక్షరం వేసి, తప్పు పోయిందని పైన తెలుపు కొడితే ఎరుపు కిందనుంచి గులాబీ రంగులో ఊరుతుంది. పడమటి ఎండ తగిలే దుకాణానికి ఎరుపు వద్దని చెప్పండి.

అక్షరం దించడం, రంగు నింపడం

తెలియని లిపిని బొమ్మలా చూసి దింపడం ప్రమాదం. ఒడియాలో 'ఉ', 'డ' ఒకదాన్ని పోలి ఇంకొకటి ఉంటాయి. ఒక చుక్క పడితే 'డ' ఇంకో శబ్దమవుతుంది. లిపి రాకపోతే అచ్చు తీసిన నమూనా దగ్గర పెట్టుకోండి. 'అనేక్ తెలుగు', 'అనేక్ ఒడియా' ఫాంట్లు ఒకే కుటుంబం, 'బాలూ తమ్ముడు', 'బాలూ భాయినా' ఇంకో కుటుంబం. ఉచితంగానే దొరుకుతాయి. ఒకే చేత్తో రాసినట్టు రెండు లిపుల మందం కలిసొచ్చేలా వీటిని రూపొందించారు. అచ్చు కాగితం మీద గళ్లు గీసి, అవే గళ్లను పెద్దవి చేసి ఖాకీ కాగితం మీద దించండి.

ఖాకీ కాగితం మీది గీతల వెంట సూదితో ఒక్కో నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) దూరంలో బెజ్జాలు పొడవండి. వెనకవైపు వాటర్ పేపరుతో ఒకసారి తడిమితే బెజ్జాల అంచులు పోతాయి, పొడి బాగా దిగుతుంది. మెత్తగా నూరిన బొగ్గుపొడిని పల్చటి మల్లుగుడ్డలో మూటకట్టి, కాగితాన్ని బోర్డుకు అంటించి, మూటతో తట్టండి. రుద్దితే పొడి కాగితం కిందికి చేరి గీత మసకబారుతుంది. ముదురు నేల అయితే బొగ్గు బదులు సుద్దపొడి.

గీత మందం: తెలుగుకు ముప్పావు అంగుళం, ఒడియాకు అయిదు నూళ్లు. ఒడియాకు ఇంకా లావు చేస్తే గొడుగు లోపలి మెలికలు పూడిపోయి అక్షరాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఇదే కారణంతో ఒడియా వరుసకు నీడ గీత వేయవద్దు. తెలుగుకు ఒక్కదానికే వేస్తే సమానం చెడుతుంది కాబట్టి దానికీ వద్దు.

రెండు లిపులూ గుండ్రంగా ఉండడానికి తాటాకు మీద గంటంతో రాసిన అలవాటే కారణమని చెబుతారు. పెయింటరుకు దీనివల్ల లాభమేమిటంటే ఒకే కుంచె, ఒకే చేతివాటం రెంటికీ సరిపోతాయి. ఎనిమిదో పదో నంబరు మెత్తటి వెంట్రుకల రైటింగ్ బ్రష్ తీసుకోండి. రంగులో పదోవంతు టర్పెంటైన్ కలపండి. కుంచె నుంచి గీత తెగకుండా ఒక జానెడు సాగాలి. తెగితే చిక్కన, కారితే పల్చన. మూడడుగుల చేతికర్రకు చివర గుడ్డ ఉండ కట్టి బోర్డుకు ఆనించి, దాని మీద మణికట్టు మోపి రాయండి.

గుండ్రాన్ని ఒకే ఊపులో తిప్పకండి, కుంచె వెంట్రుకలు విడిపోయి బయటి అంచు చీలుతుంది. ఎడమ సగం పైనుంచి కిందికి, కుడి సగం పైనుంచి కిందికి, రెండూ అడుగున కలవాలి. ఒడియా గొడుగులకు ఒక అట్టముక్కను వంపుగా కత్తిరించి పెట్టుకుని అన్ని అక్షరాలకూ దాన్నే ఆనించి గీయండి. గొడుగులు సమంగా వస్తే వరుస సగం కుదిరినట్టే. తెలుగులో ప, స, ష, హ అక్షరాల తలకట్టు ఒంటికి అంటుకోకూడదు. ఆ సందు కనీసం రెండు నూళ్లు ఉండాలి. సందు పూడితే దూరం నుంచి 'ప' కాస్తా 'వ' అవుతుంది. 'ద'కు కింద గీత పడితే 'ధ', కాబట్టి కారిన చుక్కను తడి మీదే టర్పెంటైన్ గుడ్డతో తుడిచేయండి. వత్తు ఎత్తు అక్షరం ఒంటిలో సగానికి కాస్త పైన ఉండాలి. అంతకంటే చిన్నదైతే 'శ్వ' మీద వత్తు ఉన్నట్టే తెలియదు.

ఎర్రటి ఎండలో రాయవద్దు. పైపొర ముందే గట్టిపడి లోపల పచ్చిగా ఉండి ముడతలు పడుతుంది. నీడలో, ఉదయం తొమ్మిది తర్వాత, రేకు మీద మంచు తడి ఆరాక మొదలుపెట్టండి.

ఫ్లెక్సు చేయించేటట్టయితే

తొందరకు, పండగ సేల్‌కు ఫ్లెక్సు సరే. ప్రెస్సులో అసలు తంటా అక్షరాలు విరగడం. యూనికోడ్‌లో పంపిన తెలుగును పాత కోరల్‌డ్రాలో అతికిస్తే వత్తులు పక్కకొచ్చి పడతాయి. ఒడియా ఏకారం అక్షరం తర్వాతికి పోతుంది. 'అను', 'అకృతి' లాంటి యూనికోడ్ కాని పాత ఫాంట్లు ఉన్న కంప్యూటరులో టైపు చేసింది ఆ ఫాంట్లు లేని దాంట్లో తెరిస్తే పిచ్చిగీతలు. మీరే సరిగ్గా కుదిరిన చోట టైపు చేసి, అక్షరాలను ఆకృతులుగా మార్చి, పీడీఎఫ్ చేసి ఇవ్వండి. ప్రెస్సువాళ్లు ఒక్క అక్షరం కూడా మళ్లీ టైపు చేయకుండా చూడండి. అచ్చుకు ముందు తెర మీద కాకుండా చిన్న కాగితం మీద తీయించి ఆ ముగ్గురి చేతా చదివించండి.

బిగించడం, చూసుకోవడం

రేకు, చట్రం కలిపి బోర్డు బరువు పాతిక కిలోలు దాటుతుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. తీగతో కట్టిన బోర్డు ఆ గాలికి ఎగిరి మనిషి మీద పడుతుంది. 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు ఆరు, పైన మూడు, కింద మూడు వేయండి. బోల్టు ఇటుకల సందులో కాకుండా బీములోనో లింటెల్‌లోనో దిగాలి. పై అంచును అంగుళంన్నర ముందుకు వంచి బిగిస్తే దుమ్ము నిలవదు, మధ్యాహ్నం మెరుపు కంట్లో కొట్టదు.

గోపాలపురం వైపు ఉప్పుగాలి తగిలే బోర్డులను మూడు నెలలకోసారి మంచినీళ్లతో కడగాలి. మిగతా చోట్ల ఏడాదికి రెండుసార్లు చాలు, వానాకాలానికి ముందొకసారి, దసరాకు ముందొకసారి. రివెట్ల చుట్టూ తుప్పు చుక్క కనిపిస్తే గీకి, అక్కడికి మాత్రం ప్రైమరు వేసి నేల రంగు అంటించండి. ఇందుకోసం మిగిలిన రంగును మూత బిగించి, డబ్బా మీద తేదీ, షేడు నంబరు రాసి దుకాణదారుకే ఇచ్చిరండి. ఖాకీ కాగితం నమూనాలను చుట్టి దాచండి. నాలుగైదేళ్లకు మళ్లీ రాయాల్సి వస్తే పైన కాస్త రుద్ది ఒక పూత వేసి, అవే బెజ్జాల మీద పొడి తట్టి మొదలుపెట్టవచ్చు.